సూది పడేముందు నోరు విప్పాలి

ఇంజక్షన్ వేయని డాక్టరు డాక్టరే కాదనే నమ్మకం మనకింకా పోలేదు. జ్వరమొస్తే సూది, నీరసమొస్తే సూది, కాళ్ళు వాచినా సూదే. బిళ్ళలు రాసి పంపిస్తే ‘ఏమిటో, చీటీ చేతిలో పెట్టి పంపించేశాడు’ అని దారి పొడుగునా సణుక్కుంటూ ఇంటికొస్తాం. అన్ని సూదుల సంగతీ ఒక్క వారంలో తేలేది కాదు కనక ఈసారి ఒక్కదాని గురించే చెప్పుకుందాం. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఎప్పుడో ఒకప్పుడు వినబడే పేరది. నీరు తీసే ఇంజక్షన్.

మందు పేరు ఫ్యూరోసెమైడ్. మందుల షాపులో లాసిక్స్ అంటే చప్పున తెలుస్తుంది. 1960లలో వచ్చిన మందు. అంతకు ముందు ఒంట్లో నీరు తీయడానికి పాదరసం కలిసిన ఇంజక్షన్లు వేసేవారంటే ఇది ఎంత మేలు చేసిందో ఊహించుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసరమైన మందుల పట్టికలో ఇదీ ఉంది. గుండె నీరసించి, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక, కూర్చోలేక, గాలి కోసం కొట్టుకుపోతున్న మనిషికి నరానికి ఈ సూది పడితే కాసేపటికి ఆయాసం సర్దుకోవడం చూసినవాళ్ళు దీన్ని దేవుడిచ్చిన మందు అంటారు. అనడంలో తప్పేమీ లేదు.

అది చేసే పని చాలా సూటిగా ఉంటుంది. మన మూత్రపిండాలు రోజంతా రక్తాన్ని వడకట్టి, అందులోంచి ఒంటికి కావలసిన ఉప్పునీ నీళ్ళనీ మళ్ళీ వెనక్కి తీసుకుంటూ ఉంటాయి. ఈ మందు ఆ వెనక్కి తీసుకోవడానికి అడ్డం పడుతుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెంట నీళ్ళూ పోతాయి. బిళ్ళ మింగితే గంటలోపు మొదలై ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంటుంది. నరానికి ఇంజక్షన్ ఇస్తే అయిదు నిమిషాల్లో మొదలై, అరగంటకి ఉద్ధృతమై, రెండు గంటలకి సద్దుమణుగుతుంది. బిళ్ళ ఆరు గంటల్లో నింపాదిగా చేసే పనిని సూది రెండు గంటల్లో ఉరుకుల పరుగుల మీద చేస్తుందన్నమాట. మందుతోపాటు వచ్చే కాగితం ఎవరూ చదవరు గానీ, అమెరికాలో దీని కాగితం మీద అన్నిటికన్నా ముందు ఒక హెచ్చరిక ఉంటుంది. ఇది చాలా బలమైన మందనీ, మోతాదు మించితే ఒంట్లో నీరూ లవణాలూ విపరీతంగా పోతాయనీ, అందుకే ఎవరికి ఎంత ఇవ్వాలో మనిషిని బట్టి డాక్టరు తేల్చాలనీ.

మనిషిని బట్టి! ఆ మనిషి సంగతి డాక్టరుకి ఎవరు చెప్పాలి? నా అసలు బాధ అక్కడే.

మా వీధిలో ఒక ఇంట్లో జరిగింది చెబుతాను. అత్తగారికి డెబ్భై దాటాయి. బీపీ ఉంది. పాదాలు బూరెల్లా పొంగాయి. కొడుకు ఫోన్ చేస్తే తెలిసిన డాక్టరుగారు దయతలచి సాయంత్రం ఇంటికే వచ్చారు. ముందుగదిలో కుర్చీలు వేశారు. కొడుకూ, అల్లుడూ, ఊరినుంచి వచ్చిన బాబాయిగారూ చుట్టూ చేరారు. ‘పోయినసారి వేసిన ఇంజక్షనే వేసేయండి డాక్టరుగారూ, ఒక్కరోజులో లాగేసింది’ అన్నాడు కొడుకు. అందరూ తలలూపారు. డాక్టరుగారు సంచీ తెరిచారు కూడా. కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ కోడలు అప్పుడు అంది, ‘అత్తయ్యగారికి నిన్నట్నుంచీ విరేచనాలండీ. ఆరుసార్లయ్యాయి. పొద్దుట్నుంచీ ఒంటికి కూడా ఒక్కసారే వెళ్ళారు.’

‘నువ్వుండు, ఆయనకి తెలీదా?’ అన్నాడు మొగుడు.

డాక్టరుగారు మాత్రం ఆగారు. పెద్దావిణ్ణి పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బీపీ చూశారు. నాలుక చూశారు. ఇంజక్షన్ మళ్ళీ సంచీలో పెట్టేశారు. ‘ఒంట్లో నీరు లేనే లేదమ్మా, ఉన్నదంతా పాదాల్లోనే ఉంది. ఇప్పుడిది వేస్తే కళ్ళు తిరిగి పడిపోయేవారు’ అని, మర్నాడు రక్తపరీక్ష చేయించమని చీటీ రాశారు. తర్వాత తేలిందేమిటంటే, ఆవిడ వేసుకునే బీపీ బిళ్ళ ఆమ్లోడిపిన్. ఆ మందు పడ్డవాళ్ళలో కొందరికి పాదాలు వాస్తాయి. ఆ వాపు నీరు తీసే మందుతో తగ్గేదీ కాదు. డాక్టరు బీపీ బిళ్ళ మార్చి ఇచ్చారు, వాపు మెల్లగా దిగింది.

ముందుగదిలో కూర్చున్న ముగ్గురు మగవాళ్ళకీ ఆ విరేచనాల సంగతి తెలీదు. తెలిసే అవకాశం లేదు. ఆ దుప్పట్లు ఉతికింది కోడలు కదా! కథలు రాసుకునేదాన్ని కనక ఇలాంటి గుమ్మాలు నా కంట పడుతూనే ఉంటాయి. ఇంట్లో జబ్బు మనిషి ఏం తిన్నదీ, ఎన్నిసార్లు లేచిందీ, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుందీ తెలిసినావిడ గుమ్మం అవతల ఉంటుంది. ఏమీ తెలియనివాళ్ళు డాక్టరు ఎదురుగా కూర్చుని జవాబులు చెబుతుంటారు. మామూలు జలుబుకైతే ఇది చూసి నవ్వుకుని ఊరుకోవచ్చు. ఈ సూదికి మాత్రం ప్రాణం మీదికి రావచ్చు.

అందుకని సూది గుచ్చేముందు డాక్టరు చెవిన పడవలసిన సంగతులు కొన్ని చెబుతాను. మీరు చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

అన్నిటికన్నా ముందు ఒంటికి వెళ్ళడం గురించి. మనం నోరెత్తడానికి సిగ్గుపడేదీ ఇక్కడే. ‘పాస్ సరిగ్గా రావడం లేదు, నీరు తీసే ఇంజక్షన్ వేయండి’ అని అడిగేవాళ్ళున్నారు. రాకపోవడంలో రెండు రకాలున్నాయి. మూత్రపిండాలు అసలు తయారు చెయ్యకపోవడం ఒకటి. తయారైనది బయటికి వచ్చే దారి మూసుకుపోవడం ఇంకొకటి. మూత్రపిండాలు బొత్తిగా పని చెయ్యడం మానేసి చుక్క కూడా రానివాళ్ళకి ఈ మందు ఇవ్వకూడదు. దారి మూసుకున్నవాళ్ళకి ఇస్తే నిండిన కుండలోకి ఇంకో బిందె నీళ్ళు ఒంపినట్టే. మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి వాచి ఇలా అవుతుందని చాలామందికి తెలుసు. ఆడవాళ్ళలో గర్భసంచి బాగా కిందికి జారినప్పుడు కూడా ఒంటికి రావడం కష్టమవుతుందని ఎంతమందికి తెలుసు? ఏడేళ్ళుగా, పదేళ్ళుగా ఆ బాధని చీర కుచ్చెళ్ళ వెనక దాచుకుని తిరిగే అమ్మమ్మలున్నారు. కొడుకు ముందు చెప్పరు, కోడలికీ చెప్పరు. ఆ పెద్దావిడ పక్కన కూర్చుని, తలుపు వేసి, నెమ్మదిగా అడగండి. డాక్టరుతో చెప్పడానికి ఆవిడకి సిగ్గయితే మీరు చెప్పండి.

తర్వాత మూత్రపిండాల సంగతి. ఉద్దానం వైపు ఊళ్ళవాళ్ళకి ఈ మాట కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడ క్రియాటినిన్ అనే మాట చదువు రానివాళ్ళ నోట కూడా నలుగుతుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళకి ఈ మందు ఇవ్వనే కూడదని కాదు, చాలామందికి ఇస్తారు, అవసరమూ ఉంటుంది. కాకపోతే మోతాదు లెక్క వేరు, జాగ్రత్త వేరు. ఆఖరిసారి చేయించిన రక్తపరీక్ష కాగితం ఉంటే చూపించండి. క్రియాటినిన్, సోడియం, పొటాషియం, ఈ మూడు అంకెలూ డాక్టరుకి కావాలి. పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. ఈ మందు నీళ్ళతోపాటు పొటాషియాన్నీ ఊడ్చుకుపోతుంది. అది పడిపోతే పిక్కలు పట్టేస్తాయి, ఒళ్ళు తేలిపోతుంది, గుండె తప్పటడుగులు వేస్తుంది. సోడియం పడిపోతే పెద్దవాళ్ళు ఉన్నట్టుండి పొంతన లేని మాటలు మాట్లాడతారు. ‘ఆవిడకి వయసుతో మతి చలించింది’ అని మనం అనేసుకుంటాం.

ఇక మందుల డబ్బా. ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు బిస్కట్లొచ్చిన డబ్బా ఒకటి ఇప్పుడు మందులతో నిండి ఉంటుంది కదా! డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ డబ్బా మొత్తం పట్టుకెళ్ళండి. ‘తెల్లబిళ్ళ ఒకటి, గులాబీరంగుది ఒకటి’ అంటే ఆయనకేం తెలుస్తుంది? అందులో నీరు తీసే బిళ్ళ ముందే ఉండవచ్చు. లాసిలాక్టోన్ అనే బిళ్ళలో ఉన్నదానిలో ఒక పాలు ఈ ఫ్యూరోసెమైడే. డైటార్ అనేది టోర్సెమైడ్, దీనికి తోబుట్టువు. ఒక డాక్టరు రాసిన బిళ్ళ పొద్దున్న వేసి, సాయంత్రం ఇంకొకరితో సూది వేయిస్తే ఒకే పని రెండుసార్లు చేయించినట్టే.

గుండెకి డిగాక్సిన్ వేసుకుంటుంటే తప్పకుండా చెప్పాలి. ఈ డిగాక్సిన్ జాతి మందుకి ముచ్చటైన చరిత్ర ఉంది. ఇంగ్లండులో ష్రాప్‌షైర్ ప్రాంతంలో ఒక ముసలావిడ ఒళ్ళు నీరు పట్టినవాళ్ళకి ఇరవై రకాల ఆకులు కలిపి మందు ఇచ్చేదట. దాని గురించి 1775లో విలియం విదరింగ్ అనే డాక్టరుని అడిగారు. ఆ ఆకుల్లో పని చేసేది ఫాక్స్‌గ్లోవ్ ఒక్కటేనని ఆయన పట్టుకుని, పదేళ్ళు పరిశీలించి 1785లో పుస్తకం రాశాడు. పుస్తకం మీద పేరు ఆయనది, ముసలావిడ పేరు ఆయన రాయనే లేదు. సరే, ఆ గొడవ ఇంకోసారి. విషయమేమిటంటే, పొటాషియం తగ్గిన ఒంట్లో డిగాక్సిన్ విషంలా మారుతుంది. తిన్నది వాంతి కావడం, కళ్ళముందు పచ్చగా కనబడడం, నాడి గతి తప్పడం. రెండు మందులూ కలిపి వాడడం మామూలే గానీ, కలిపి వాడుతున్నట్టు డాక్టరుకి తెలిసి ఉండాలి. మానసిక వ్యాధులకిచ్చే లిథియం సంగతీ అంతే. ఈ మందుతో అది ఒంట్లో పేరుకుపోతుంది. ఆ జబ్బున్నట్టు బంధువుల ముందు చెప్పడం ఇష్టంలేక దాచే ఇళ్ళున్నాయి. బంధువుల్ని బయటికి పంపించి చెప్పండి.

మన ఆడవాళ్ళ డబ్బాలో తప్పకుండా ఉండేది మోకాళ్ళ నొప్పుల బిళ్ళ. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఇలాంటివి. వీటిని మందుల లెక్కలోకే తీసుకోం. ‘ఏం మందులు వాడుతున్నారమ్మా?’ అంటే ‘బీపీకి, షుగరుకి’ అంటాం. నొప్పి బిళ్ళ మాట ఎత్తం. ఆ బిళ్ళలే ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచి కాళ్ళు వాచేలా చేస్తాయి. అవే ఈ ఇంజక్షన్ పనిని సగం చెడగొడతాయి. రెండూ కలిసి మూత్రపిండాల మీద పడతాయి. అంటే వాపు తెచ్చిపెట్టిన బిళ్ళని మింగుతూనే వాపు తగ్గే సూది వేయించుకుంటున్నామన్నమాట! కీళ్ళనొప్పులకి ఊళ్ళలో పొట్లాలు కట్టి ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. స్టెరాయిడ్లు కూడా నీరు పట్టిస్తాయి, పొటాషియాన్ని పోగొడతాయి. దగ్గుకి నమిలే అతిమధురం వేరు కూడా అదే పనిగా వాడితే పొటాషియాన్ని దించుతుంది. ‘ఆకులే కదా, వేర్లే కదా’ అనుకోకుండా అవి కూడా చెప్పండి.

సల్ఫా మందులు పడనివాళ్ళుంటారు. ఎప్పుడో సెప్ట్రాన్ వేసుకుంటే ఒళ్ళంతా దద్దుర్లు లేచాయని గుర్తుంటుంది. ఈ ఫ్యూరోసెమైడ్ ఆ సల్ఫా కుటుంబానికి దూరపు చుట్టం. వాళ్ళు పడనివారికి వీళ్ళూ పడరని గట్టిగా చెప్పలేం, చాలామందికి ఏమీ కాదు. అయినా మాట చెప్పి ఉంచితే డాక్టరు తన జాగ్రత్తలో తానుంటారు. షుగరున్నవాళ్ళకి షుగరు కాస్త పెరగవచ్చు. కాలి బొటనవేలు కణకణలాడుతూ వాచే గౌట్ జబ్బున్నవాళ్ళకి అది మళ్ళీ తిరగబెట్టవచ్చు.

చెవుల సంగతి వేరే చెప్పాలి. ఈ ఇంజక్షన్‌ని పెద్ద మోతాదులో, గబగబా ఎక్కిస్తే చెవుల్లో హోరు పుట్టి, వినికిడి తగ్గే ప్రమాదం ఉంది. మూత్రపిండాలు సరిగా పనిచెయ్యనివాళ్ళలో, జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పడుతున్నవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువ. పెద్దవాళ్ళకి మామూలుగా మొదట ఇచ్చే 20 నుంచి 40 మిల్లీగ్రాముల మోతాదునే ఒకటి రెండు నిమిషాలు పట్టేలా నెమ్మదిగా ఇవ్వాలని నియమం. సూది గుచ్చడం, తియ్యడం కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతే ‘చెయ్యి తిరిగినవాడు’ అని మెచ్చుకుంటాం కదా, ఈ ఒక్కదానికి ఆ మెప్పు వద్దు. ‘కాస్త నెమ్మదిగా ఇవ్వండి’ అనడం అమర్యాద కాదు. చెవిలో గుయ్యిమంటోందని మనిషి అంటే వెంటనే చెప్పండి. ముందే కాస్త చెవుడున్న పెద్దవాళ్ళయితే ఆ సంగతీ ముందే చెప్పాలి.

మందు సీసాని కూడా ఒకసారి చూడడం మంచిది. నీళ్ళలా తేటగా, రంగు లేకుండా ఉండాలి. పచ్చబారితే పనికిరాదు. పేరు, తేదీ చదవండి. సిరంజి మీ కళ్ళముందే కొత్త కవరు చింపి తియ్యాలి. వాడిన సూదులతో కామెర్లు ఒకరినుంచి ఒకరికి అంటుకున్న కథలు మన ఊళ్ళకి కొత్త కాదు. సెలైన్ పెట్టి ఉంటే, అదే గొట్టంలోకి అన్నీ కలిపేయడం కూడా కుదరదు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి దీనితో కలిస్తే విరిగిన పాలలా తరకలు కడతాయి. నర్సమ్మలకి ఇది తెలుసు. ఒక్కత్తే పాతిక మంచాలు చూసుకునే నర్సమ్మకి గుర్తు చేస్తే ఏమీ అనుకోదు, అనుకున్నా పరవాలేదు.

గర్భిణీల మాట. నెలలు నిండేకొద్దీ పాదాలు వాయడం మామూలే. ఎడమవైపు తిరిగి పడుకోవడం, కాళ్ళు ఎత్తులో పెట్టుకోవడంతో సర్దుకునేదాన్ని, అత్తగారి డబ్బాలో ఉన్న నీళ్ళబిళ్ళ వేసో, తెలిసినాయనతో సూది వేయించో దించాలని చూడకండి. ముఖమూ చేతులూ కూడా వాచి, తలనొప్పి, కళ్ళు మసకలు ఉంటే అది బీపీకి సంబంధించిన ప్రమాదం. ఆస్పత్రికే వెళ్ళాలి. అప్పుడు కావలసింది వేరే వైద్యం. బాలింతలకి ఈ మందు వల్ల పాలు తగ్గవచ్చు, పాలలోకి కొంత వెళుతుంది కూడా. చంటిబిడ్డ తల్లినని చెప్పండి. ఇంకో సంగతి విని నాకు ఒళ్ళు మండింది. పెళ్ళిలో సన్నగా కనబడాలని నీళ్ళు తీసే మందు పుచ్చుకునే ఆడపిల్లలున్నారట. పోయేది కొవ్వు కాదర్రా, నీళ్ళు! రెండు రోజుల్లో మళ్ళీ పడతాయి. ఈ లోపల పెళ్ళిపీటల మీద కళ్ళు తిరిగి పడితే ఆ ఫొటోలు ఏం చేసుకుంటారు?

సూది వేసే వేళ గురించి కూడా ఆలోచించాలి. నాకు తెలిసిన ఒక ఇంట్లో రాత్రి తొమ్మిదింటికి ఈ ఇంజక్షన్ వేయించారు, ప్రాణం మీదికొచ్చి కాదు, ఆయనకి అప్పుడు తీరింది కనక. పెద్దావిడ పదింటిలోపు నాలుగుసార్లు లేచింది. అయిదోసారికి కోడల్ని లేపడానికి మొహమాటపడింది. బాత్‌రూము పెరట్లో, రెండు మెట్ల కింద. బీపీ పడిపోయిన ఒళ్ళు, తడి మెట్టు. తుంటి విరిగింది. ఆపరేషనూ, ఆర్నెల్ల మంచమూ. తొందరేమీ లేని సూది పొద్దుటిపూట వేయించుకోవచ్చు. రాత్రి తప్పనిసరైతే మంచం పక్కనే ఏర్పాటు చెయ్యండి. బెడ్‌పాన్ అయినా సరే, సీటుకి కన్నం ఉన్న ప్లాస్టిక్ కుర్చీ కింద బకెట్ అయినా సరే. లైటు వేసి ఉంచండి. లేచేముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోమనండి. వీలైతే గీతలున్న మగ్గులో కొలిచి, ఎంత వచ్చిందో కాగితం మీద రాసి పెట్టండి. మర్నాడు డాక్టరు మొదట అడిగేది అదే. రోజూ పొద్దున్న ఒంటికి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు, అదే తూకం మీద బరువు చూసి రాయడం ఇంకా మంచిది. ఒంట్లో నీరు చేరడం, పోవడం కంటికన్నా ముందు తూకానికి తెలుస్తుంది.

బస్సు ప్రయాణముందని ముందురోజునుంచే మంచినీళ్ళు మానేసే అలవాటు మన ఆడవాళ్ళకుంది. బస్టాండుల్లో మరుగుదొడ్ల వాలకం తెలిసినవాళ్ళెవరూ దాన్ని తప్పుపట్టలేరు. అలా ఎండిపోయిన ఒంటిమీద, అందులోనూ మే నెల ఎండల్లో, ఈ సూది పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? మూడు రోజులుగా సరిగ్గా తినలేదు, తాగలేదు, వాంతులయ్యాయి, ఎండదెబ్బ తగిలింది అన్న మాటలు వాపు మాట కంటే ముందు చెప్పవలసినవి.

సూది పడ్డాక అరటిపళ్ళు, కొబ్బరినీళ్ళు పట్టిస్తే పోయిన పొటాషియం తిరిగి వస్తుందని చుట్టాలందరూ చెబుతారు. కొందరికి మంచిదే. మూత్రపిండాలు చెడినవాళ్ళకి, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటివి వాడుతున్నవాళ్ళకి పొటాషియం ముందే ఎక్కువుండవచ్చు. వాళ్ళకి గ్లాసుల కొద్దీ కొబ్బరినీళ్ళు పోయడం ప్రమాదం. ‘ఉప్పుకి బదులు ఉప్పు’ అని అమ్మే పొడుల్లో ఉండేదీ పొటాషియమే. కాబట్టి అరటిపండు కూడా డాక్టరుని అడిగే పెట్టాలి. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపల గురించి మాత్రం ఎవర్నీ అడగనక్కర్లేదు, దూరం పెట్టడమే. ఒక చేత్తో నీరు తీయిస్తూ ఇంకో చేత్తో ఉప్పు వడ్డిస్తే ఆ మందేం చేస్తుంది పాపం!

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లులు కొందరు అంటున్నారు, ‘అక్కడ ఇంట్లోనే పెట్టుకుంటున్నారట, మనకెందుకింత భయం?’ అని. నిజమే, పొట్టమీద అతికించుకుంటే అయిదు గంటల పాటు కొద్దికొద్దిగా 80 మిల్లీగ్రాముల మందు చర్మం కిందికి పంపే పరికరానికి అక్కడ 2022లో అనుమతి వచ్చింది. ఎవరికి సరిపడుతుందో డాక్టరు ముందే చూసి, రాసి ఇస్తేనే అది. హఠాత్తుగా ఊపిరాడనివాళ్ళ కోసం కాదని కూడా చెప్పారు. మన వీధిచివర నిలబడి ‘ఒక సూది వేసెయ్యి నాయనా’ అనడానికీ దానికీ పోలిక లేదు. ఆర్.ఎం.పి.లని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది ఊళ్ళో ఆయనొక్కడే. కానీ రక్తపరీక్ష లేకుండా, వాపు ఎందుకొచ్చిందో తెలియకుండా, వారానికోసారి లెక్కన ఈ సూది వేయించుకోవడం మంచిది కాదు. గుండె, కాలేయం, మూత్రపిండం, థైరాయిడ్, రక్తహీనత, వేసుకునే మందులు, వాపు ఎందులోంచైనా రావచ్చు. ఒక్క కాలే వాచి, నొప్పి పెడుతుంటే అది నరంలో రక్తం గడ్డకట్టడం కూడా కావచ్చు. నీరు తీసే సూదికి అక్కడ పనే లేదు. ప్రమాదం దాటాక సూది ఆపి బిళ్ళకి మారడమే డాక్టర్లు చేసే పని. బిళ్ళ రాశారంటే చిన్నచూపు చూశారని కాదు, మనిషి తేరుకుందని.

డాక్టర్లకి కూడా ఒక మాట. ముందుగదిలో ఎవరు ఎంత గట్టిగా మాట్లాడుతున్నా, దయచేసి ‘ఈవిడకి అన్నం పెట్టేదెవరు?’ అని ఒక్కసారి అడగండి. ఆ మనిషిని లోపలినుంచి పిలిపించండి. అడిగితే జబ్బు మనిషే చెప్పగలదు చాలాసార్లు. ఆవిడ మంచంమీద ఉండగానే ఆవిడ గురించి కొడుకుని అడగడం మనకి మరీ అలవాటైపోయింది.

ఇదంతా చదివి, నిజంగా ప్రాణం మీదికొచ్చినప్పుడు చర్చలు పెట్టుకు కూర్చోకండి. మనిషి వెల్లకిలా పడుకోలేక లేచి కూర్చుంటున్నా, మాట పూర్తిచెయ్యలేనంత ఆయాసమున్నా, దగ్గితే గులాబీరంగు నురగ పడుతున్నా, పెదవులు నల్లబడుతున్నా ఒక్క నిమిషం కూడా ఆగకండి. 108కి ఫోన్ చెయ్యండి. అప్పుడు ఈ సూదే ప్రాణం నిలబెట్టవచ్చు. మనిషిని పడుకోబెట్టకుండా, వీపుకి దిండ్లు పెట్టి కాళ్ళు కిందికి వేలాడేలా కూర్చోబెట్టండి. బండి వచ్చేలోగా బిస్కట్ల డబ్బా, పాత రిపోర్టులు ఒక సంచీలో వేసుకోండి. ఏ మందు పడదో, ఆఖరిసారి ఒంటికి ఎప్పుడు వెళ్ళిందో, ఇవాళ నీళ్ళబిళ్ళ వేశారో లేదో ఒక కాగితం మీద రాసి సంచీలో పైనే పెట్టండి. ఆస్పత్రికి వెనక స్కూటరు మీద వచ్చేవాళ్ళు ఎవరైనా సరే, బండిలో ఆవిడ పక్కన మాత్రం మీరెక్కండి.